షరతుల పిన్ని కాపాడిన మూడో పేజీ

రెండు వందల కిలోల ఇనుమును నెత్తి మీదికెత్తి నిలబడే ఒక మొనగాణ్ణి, అతన్ని నమ్ముకున్న పంపుల కంపెనీని, ఆ కంపెనీ జీతమిచ్చి మేపుతున్న ముగ్గురు లాయర్లని కలిపి ఒకే మూటగా కట్టి, షరతుల పిన్ని ఎడమచేతి చిటికెన వేలికి తగిలించుకుని మూడంతస్తుల మెట్లెక్కింది. మధ్యలో ఆయాసం తీర్చుకోవడానికైనా ఆగలేదు. ఆమె బరువు నలభై ఆరు కిలోలు. అందులో రెండు కిలోలు తాళంచెవుల గుత్తి. ఆ పూట ఆమె రక్తం తీసి పరీక్షించినా రెండు కప్పుల కాఫీ తప్ప మరేమీ దొరికేది కాదు.

పిన్ని నీటి పంపులు తయారుచేసే కంపెనీలో ఒప్పందాల గుమాస్తా. కంపెనీ ఎవరితో ఏ ఒప్పందం చేసుకున్నా, ఆ కాగితం ఆమె బల్ల మీద పుట్టి, ఆమె బీరువాలో పెరిగి, గడువు తీరాక ఆమె చేతుల మీదుగానే అటకెక్కాలి. పందొమ్మిదో ఏట ఉద్యోగంలో చేరింది. ఇప్పటికి ముప్పై తొమ్మిదేళ్ళు. టైపు మిషను రోజుల్లో ఆమె వేగానికి అక్షరాలు వేడెక్కి కాగితం అంచులు కమిలిపోయేవని స్టోర్సులో ఇప్పటికీ చెప్పుకుంటారు. కమిలిన కాగితం ఎవరూ చూడలేదు గానీ వాసన మాత్రం అందరికీ వచ్చిందట.

పెళ్ళి ప్రయత్నాలు జరిగిన కాలంలో ఒక సంబంధంవాళ్ళు ఇంటికొచ్చి, "మాకు ఏ షరతులూ లేవండి" అన్నారు. షరతుల్లేని ఒప్పందం భూమ్మీద ఎక్కడైనా ఉంటుందా, వీళ్ళేదో దాస్తున్నారని పిన్ని వద్దనేసింది. పేరు అప్పుడు స్థిరపడింది. తర్వాత ఆ పేరు నిలబెట్టుకోవడానికి ఆమె శక్తివంచన లేకుండా కృషి చేసింది. ఆమె నిచ్చెన కావాలంటే పక్కింటివాళ్ళు కాగితం మీద సంతకం పెట్టాలి: తడికాళ్ళతో ఎక్కరాదు, ఇద్దరొకేసారి ఎక్కరాదు, పైన నిలబడి నిచ్చెన యజమానురాలి గురించి మాట్లాడరాదు. తనతో కలిసి ఉంటున్న సొంత అక్కతో కూడా టీవీ మోత గురించి ఒక ఒప్పందం ఉంది. అది ఫ్రిజ్ తలుపుకి అంటించి ఉంటుంది. అక్క దాన్ని రోజూ ఉల్లంఘించి, అపరాధ రుసుము కింద గిన్నెలు తోముతుంది.

ఇలా అందరూ సుఖంగా ఉండగా కంపెనీకి కండలు కావాలనిపించింది. పంపు నీళ్ళెత్తుతుంది కాబట్టి పంపు పెట్టె మీద బరువులెత్తేవాడి బొమ్మ వేస్తే అమ్మకాలు లేస్తాయని పెద్దల్లో ఎవరికో స్నానాల గదిలో తట్టింది. వెతికి వెతికి, జాతీయ పోటీల్లో గెలిచిన ఒక కుర్ర మొనగాణ్ణి పట్టుకొచ్చారు. అతన్ని ఊరంతా క్రేను అంటుంది. గుమ్మంలో నిలబడితే గదిలో లైటు వేసుకోవాలి. కుర్చీలో కూర్చునే ముందు కుర్చీ వైపు ఒకసారి జాలిగా చూసే అలవాటుంది అతనికి.

క్రేను వచ్చిన రోజు ఉదయం పదకొండింటికి ఆటల ఆఫీసరు పిన్ని బల్ల దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. ఈ ఆఫీసరుగారి మెడలో ఎప్పుడూ ఒక ఈల వేలాడుతుంటుంది. ఆఫీసులోనూ, కాంటీనులోనూ, చివరికి ఆసుపత్రివాళ్ళు తీసిన ఛాతీ ఎక్స్‌రేలోనూ ఆ ఈల ఉంది. అది మోగగా విన్నవాళ్ళు మాత్రం లేరు.

"పిన్నిగారూ, పన్నెండింటికల్లా ఒప్పందం కావాలి. ఫొటోలవాళ్ళు కింద కాచుకున్నారు."

"ఆటగాళ్ళకి నమూనా ఏదీ లేదండి మన దగ్గర. కొత్తగా రాయించాలి. లాయరుగారికి పంపితే నాలుగు రోజులు."

"నాలుగు రోజులా. అప్పటిదాకా కండలు ఉబ్బించి పట్టుకోమంటారా అతన్ని? అందరికీ ఇచ్చేదే ఇచ్చేయండి. పేరు మార్చండి, జీతం మార్చండి. అయినా దాన్ని చదివేదెవరు?"

"నేను చదువుతాను."

"మీరు చదివితే చాల్లెండి. నేను సంతకం పెట్టేస్తా."

పిన్ని గడియారానికి భయపడింది జీవితంలో ఆ ఒక్క పూటే. ఆమె దగ్గర సిద్ధంగా ఉన్న నమూనా ఒక్కటే, కార్ఖానా కార్మికులకి ఇచ్చేది. అందులో 'పంపుల విభాగం సహాయకుడు' అన్నచోట 'బరువులెత్తువాడు' అని మార్చింది. జీతం అంకె వేస్తే సున్నాలు గడిలో పట్టక ఆఖరి సున్నా వెళ్ళి పక్కనున్న సబ్బు గడిలో పడింది. అందరికీ నెలకో బట్టల సబ్బు ఇస్తే క్రేనుకి పది ఇవ్వాల్సి వచ్చేది. పిన్ని సకాలంలో చూసి సరిదిద్దింది. అలవాటు ప్రకారం ప్రతి పేజీ అడుగున తన పొట్టి సంతకం పెట్టి, ఆనాటి తేదీ వేసింది. క్రేను ఆఖరి పేజీలో సంతకం చేశాడు, ఆఫీసరు పక్కన చేశాడు, ఇద్దరూ ఫొటోకి పళ్ళు చూపించారు. తన నకలు తీసుకెళ్ళాలన్న సంగతి క్రేనుకి గుర్తు లేదు. రెండు నకళ్ళూ పిన్ని బీరువాలోకి చేరాయి.

ఆ విధంగా దేశంలో బరువులెత్తేవాళ్ళందరిలోకీ క్రేను ఒక్కడికే లక్షల్లో జీతంతోపాటు రెండు జతల ఖాకీ దుస్తులు, ఒక జత చేతి తొడుగులు, నెలకో బట్టల సబ్బు రాసిచ్చారు. ఖాకీ అతనికి మోచేతుల దగ్గరే ఆగిపోయింది. సబ్బు మాత్రం వదల్లేదు. ప్రతి నెలా ఒకటో తారీకున వచ్చి, "పిన్నీ, సబ్బు" అని చెయ్యి చాపేవాడు. ఆ అరచేతిలో సబ్బు మాత్రలాగా ఉండేది. పిన్ని సంతకం పెట్టించుకుని ఇచ్చేది. పేపర్లో అతని బొమ్మ పడిన రోజున కూడా.

పంపులు బాగా అమ్ముడుపోయాయి. క్రేను నెత్తి మీద పంపు పెట్టుకుని నిలబడ్డ బొమ్మ పెట్టెల మీద, గోడల మీద, లారీల వెనక వెలిసింది. పిన్ని అక్క ఆ బొమ్మ ఉన్న క్యాలెండరు హాల్లో తగిలించింది. "మనిషంటే అలా ఉండాలే" అని వచ్చినవాళ్ళందరికీ చూపించేది. పిన్ని మాత్రం నెల మారినప్పుడు పేజీ తిప్పేది, అంతే.

రెండో ఏడు గడుస్తుండగా ఒక పెద్ద పోటీ అయ్యాక క్రేను మూత్రాన్ని సీసాలో పట్టి పంపించారు. అందులో క్రేను తక్కువ, మందు ఎక్కువ అని తేలింది. ఆటల సంఘం నాలుగేళ్ళు బరువు ముట్టుకోవద్దంది. పతకం వెనక్కి తీసుకుంది. అక్క క్యాలెండరుని గోడవైపు తిప్పేసింది. ఆ దెబ్బకి ఇంట్లో ఎవరికీ తేదీ తెలియకుండా పోయింది.

కంపెనీ పెద్దలకి ఒళ్ళు మండిపోయింది. మోసం, దగా, ఇన్నాళ్ళిచ్చిన జీతం వెనక్కి కక్కించాలి, ఇక ముందు పైసా ఇవ్వకూడదు అన్నారు. కాంటీనులో అందరూ అదే మాట. టీ కాచే ఆయనైతే తను పోసిన టీలకి కూడా వెల కట్టాడు. ఈ విషయంలో పిన్నిది కూడా అదే మాటని చెబితే ఎవరూ నమ్మరు గానీ, అదే నిజం. దొంగతనంగా ఎత్తిన బరువుకి కూలి ఇవ్వడమేమిటని ఆమె ఫైళ్ళు సర్దుకుంటూ పదిసార్లు గొణిగింది.

పదకొండోసారి గొణుగుతూ క్రేను ఫైలు తీసి చదివింది. మూడో పేజీ దగ్గర గొణుగుడు ఆగిపోయింది.

ఆ పేజీలో ఉన్నది కార్మికుల పాత గెలుపు. ఎప్పుడో నలభై ఒక్క రోజుల సమ్మె చేసి యూనియన్‌వాళ్ళు సాధించిన షరతు అది: పనిలో అజాగ్రత్త చూపినా, పని మీద ఉండగా మత్తు పదార్థం గాని, నిషేధించిన మరే పదార్థం గాని సేవించినట్టు తేలినా, మొదటి తప్పుకి ఆ రోజు వేతనం కోత వేయాలి, అంతకు మించి ఏ చర్యా ఉండరాదు. మధ్యాహ్నం ఓ గుక్క వేసుకుని లేతు మిషను దగ్గర తూలిన మనిషి కోసం రాసిన వాక్యం. అది ఇప్పుడు క్రేనుని, అతని లక్షలని కలిపి గొడుగు కింద పెట్టుకుంది.

పిన్ని స్వయంగా వెళ్ళి ఆఫీసరుకి ఆ పేజీ చూపించింది. ఆయన రెండుసార్లు చదివాడు. రెండోసారి ఈలని నోట్లో పెట్టుకున్నాడు గానీ ఊదలేదు.

మర్నాడు ఆయన ఒక కొత్త మూడో పేజీతో వచ్చాడు. లాయర్లు రాసింది. నిషేధించిన పదార్థం తీసుకుంటే ఒప్పందం రద్దు, అంతవరకూ ఇచ్చిన జీతమంతా వాపసు అని అందులో ఉంది. రెండు నకళ్ళు.

"పాతవి తీసేసి ఇవి పెట్టండి, పిన్నిగారూ. అడుగున మీ సంతకం పడిందంటే అయిపోయింది. అతని సంతకం ఎలాగూ ఆఖరి పేజీలోనే కదా."

"తేదీ ఏది వెయ్యమంటారు?"

"అప్పటిదే. రెండేళ్ళ కిందటిది."

"అంటే దొంగ కాగితం పుట్టించమంటున్నారు."

"దొంగ ఏముందండి ఇందులో. ఆ రోజు ఉండాల్సింది ఇదే. హడావిడిలో వేరేది పడింది. ఉండాల్సినదాన్ని ఉండాల్సిన చోట పెడుతున్నాం. అయినా మోసగాణ్ణి మోసం చేస్తే దాన్ని ఎవరైనా మోసమంటారా?"

"మరేమంటారు?"

ఆయన ఆ ప్రశ్నని కుర్చీ కిందికి తోసేసి కుర్చీ ముందుకు లాక్కున్నాడు. "మీకింకా పద్నాలుగు నెలలుంది రిటైరవడానికి. సంతకం పెడితే ఇంకో రెండేళ్ళు పొడిగిస్తారు. సూపరింటెండెంటు అని బోర్డు కూడా. పెట్టకపోతే, అసలు తప్పు నమూనా ఇచ్చిందెవరన్న విచారణ వస్తుంది. నేను అందరికీ ఇచ్చేదే ఇవ్వమన్నట్టు రాతలో లేదు కదా."

"లేదు."

"ఇంకో సంగతి. మీకు గుమాస్తాగా పదోన్నతి ఇచ్చినట్టు ఆర్డరు కాగితం ఉందా?"

ఆమె గుండెలో ముల్లు అదే. పాతికేళ్ళ కిందట అప్పటి మేనేజరు, "ఇవాళ్టి నుంచి నువ్వే గుమాస్తావమ్మా" అని నోటితో అన్నాడు. కాగితం ఇవ్వండని ఆమె తొమ్మిదిసార్లు అర్జీ పెట్టింది. ఊరందరితో షరతులు రాయించుకున్న మనిషికి తన ఉద్యోగానికి మాత్రం రాతపూర్వకంగా ఏమీ లేదు.

"నోటితో ఇచ్చింది నోటితోనే తీసేయొచ్చు పిన్నిగారూ. పింఛనుతో సహా," అని ఆఫీసరు చాలా గౌరవంగా లేచి వెళ్ళిపోయాడు.

కొత్త పేజీ పేపర్‌వెయిట్ కింద మూడు రోజులుంది. మొదటి రోజు పిన్ని దాని మీద ఫైలు పెట్టింది. రెండో రోజు ఫైలు తీసింది. ఇంట్లో అక్కకి చెప్పక తప్పలేదు, ఎందుకంటే టీవీ మోత పెంచినా పిన్ని పట్టించుకోకపోయేసరికి అక్కకి భయమేసింది.

"ఒంట్లో బాగుందా చిన్నదానా? ఇరవై మీద పెట్టాను. ఒప్పందం ప్రకారం పన్నెండే కదా."

పిన్ని సంగతంతా చెప్పింది. అక్క టీవీ ఆపేసింది. ఆ టీవీ కొన్న తొమ్మిదేళ్ళలో అలా ఆపడం ఇదే మొదటిసారి.

"ఇందులో ఆలోచించడానికేముంది? పెట్టెయ్ సంతకం. ఆ దున్నపోతు మనల్నందర్నీ వెర్రివాళ్ళని చేశాడు. వాడి బొమ్మకి నేను దుమ్ము తుడిచాను తెలుసా, రోజూ."

"వాడికి జీతం ఇవ్వకూడదనే నేనూ అంటున్నాను."

"మరి?"

"ఇవ్వకూడదని ఎక్కడా రాయలేదు."

"నువ్వు రాయకపోబట్టే కదా లేదు. ఇప్పుడు రాయి."

"ఇప్పుడు రాస్తే ఇవాళ్టి తేదీ వెయ్యాలి అక్కా. వాళ్ళు రెండేళ్ళ కిందటిది వెయ్యమంటున్నారు. వాడు ఒంటికి మందెక్కించాడు, వీళ్ళు కాగితానికి ఎక్కించమంటున్నారు. సూది నా చేతిలో పెడుతున్నారు."

"ఆహా. కబుర్లకేం. రేపు పింఛను రాకపోతే ఆ కాగితం నీకు మందులు కొనిపెడుతుందా? నీ మోకాళ్ళకి? నా కంటికి?" అక్క లేచి వంటింట్లోకి వెళ్ళి, ఎవరూ అడగకుండానే గిన్నెలు తోమింది. అంత గట్టిగా తోమడం ఏ ఒప్పందంలోనూ లేదు.

పిన్నికి ఆ రాత్రి నిద్ర పట్టలేదని చెబితే కథకి అందం. కానీ ఆమె తొమ్మిదిన్నరకే గుర్రు పెట్టింది. మెలకువగా ఉండి ఇబ్బంది పడడం ఆఫీసు వేళల్లో చేసే పని అని ఆమె సిద్ధాంతం.

మూడో రోజు ఒకటో తారీకు. గదిలో వెలుతురు ఉన్నట్టుండి తగ్గింది.

"పిన్నీ, సబ్బు."

పిన్ని తలెత్తలేదు. "సిగ్గు లేదూ?"

"ఉంది పిన్నీ. సబ్బే లేదు."

"తిన్నావా, లేదా?"

"అది మందు కాదు పిన్నీ, బలానికి ఏదో పొడి..."

"తిన్నావా, లేదా?"

"తిన్నా."

"తెలిసేనా?"

క్రేను కుర్చీ వైపు చూసి, కూర్చోకుండా నిలబడ్డాడు. "తెలిసే. అందరూ తింటారు పిన్నీ."

"అందరూ తింటే నువ్వొక్కడివే ఎలా దొరికావు?"

"ఎన్ని రోజుల ముందు ఆపాలో లెక్క తప్పింది."

"అంటే తిన్నందుకు కాదు, లెక్క తప్పినందుకు ఏడుస్తున్నావు."

అతను ఏడవడం లేదు గానీ ఆ మాట విన్నాక ఏడ్చేట్టు కనిపించాడు. అంత పెద్ద మొహం ముడుచుకోవడానికి కొంచెం సమయం పట్టింది. "మా నాన్న పేరు మీద ఇల్లు కొన్నా. వాయిదాలు కట్టాలి. మూడో పేజీ మార్చేస్తున్నారని కింద చెప్పుకుంటున్నారు. నువ్వు ఒప్పుకోవు కదా పిన్నీ?"

"నీ కోసం నేను వేలు కూడా కదపను. నువ్వు దొంగవి. నీకు ఒక్క పైసా దక్కినా నాకు కడుపు మండుతుంది." పిన్ని సొరుగు లాగి సబ్బు తీసింది. రిజిస్టరు అతని వైపు తిప్పింది. "ఇక్కడ సంతకం. ఇవాళ్టి తేదీ వెయ్యి. ఒకటో తారీకు."

అతను వేశాడు. ఆ వెంటనే ఆమె కలం మూత తీసి, పేపర్‌వెయిట్ కింది కాగితాన్ని ముందుకు లాక్కుంది. సంతకంలో మొదటి అక్షరం కోసం కలం పాళీ కాగితం దాకా దిగింది. తేదీ వెయ్యాల్సిన గడి ఖాళీగా ఉంది. ముప్పై తొమ్మిదేళ్ళలో ఆమె ఏ రోజు తేదీ ఆ రోజే వేసింది. జ్వరంతో వచ్చిన రోజున జ్వరం రోజు తేదీ, తండ్రి పోయాక తిరిగి పనిలోకొచ్చిన రోజున ఆ రోజు తేదీ. రెండేళ్ళ కిందటి తేదీ వెయ్యమని వేలికి చెప్పి చూసింది. వేలు వినలేదు.

ఆమె కలం మూసి, కొత్త పేజీలు రెండూ కవరులో పెట్టి, పైన "సంతకం చేయలేదు" అని రాసి, దాని కింద ఇవాళ్టి తేదీ వేసి ఆఫీసరుకి పంపించేసింది.

క్రేను జీతం ఆపేశారని ఫిర్యాదు పెట్టడంతో విచారణ వచ్చింది. రిటైరైన ఒక జడ్జిగారు మధ్యవర్తి. కంపెనీ మూడో అంతస్తులో పొడవాటి బల్ల గదిలో కూర్చున్నారు. లిఫ్టు చెడిపోయిందో, చెడగొట్టారో తెలియదు, ఫైలు పట్టుకుని పిన్ని మెట్లెక్కి వచ్చింది. ఒకవైపు ముగ్గురు లాయర్లు, ఆఫీసరు. ఇంకోవైపు క్రేను ఒక్కడే. అయినా బల్ల అతని వైపే ఒరిగినట్టు కనిపించింది.

పెద్ద లాయరు గొంతు సవరించుకున్నాడు. "అయ్యా, ఈయన గెలుపు అబద్ధం. గెలుపు అబద్ధమైతే పేరు అబద్ధం. ఆ పేరు చూసి మేమిచ్చిన జీతం కూడా అబద్ధమే. అబద్ధపు డబ్బు ఈయన దగ్గర ఉండడం న్యాయమా?"

"ఆయన బొమ్మ వేసి అమ్మిన పంపులు?" అన్నాడు జడ్జి.

"పంపులు నిజమైనవేనండి."

"వాటి లాభం?"

"అది చాలా నిజమైనదండి," అన్నాడు లాయరు. నాలుక్కరుచుకునే లోపు మాట వెళ్ళిపోయింది.

గోడౌనులో ఇంకా నాలుగు వేల పెట్టెలు క్రేను బొమ్మతోనే ఉన్నాయని, వాటిని దూరపు ఊళ్ళకి పంపి అమ్ముతున్నారని ఆ గదిలో తెలియనివాడు జడ్జి ఒక్కడే. ఆయనకి కూడా ఆ బొమ్మ ఉన్న పంపే ఇంట్లో ఉందని తర్వాత తెలిసింది.

లాయరు దారి మార్చాడు. ఫైల్లో ఉన్న మూడో పేజీ పొరపాటున చేరిందని, గుమాస్తా అజాగ్రత్త వల్ల అసలు పేజీ పోయిందని చెప్పాడు. జడ్జి పిన్ని వైపు తిరిగాడు.

"అమ్మా, ఈ పేజీ మీరు తయారుచేసిందేనా?"

"నేనేనండి."

"ఆ రోజునేనా?"

"తేదీ ఉంది కదండి."

"దీనికి బదులు వేరే పేజీ ఉండేదా?"

ఆఫీసరు ఆమె వైపే చూస్తున్నాడు. పద్నాలుగు నెలలు, బోర్డు, పింఛను, అక్క కన్ను, తన మోకాళ్ళు, అన్నీ ఆ బల్ల మీద ఫైలు పక్కనే వరసగా పేర్చి ఉన్నాయి. క్రేను నేల వైపు చూస్తున్నాడు.

"లేదండి. ఉండాల్సింది. నేను నమూనా మార్చలేదు. తొందరపడ్డాను. తప్పు నాది. కానీ ఆ రోజున్న పేజీ ఇదొక్కటే."

"మోసం చేసిన ఆటగాడికి జీతం ఇవ్వడం సబబని మీ అభిప్రాయమా?"

"కాదండి."

"మరి?"

"నా అభిప్రాయం ఫైల్లో లేదండి. ఇతన్ని ఖాళీగా కూర్చోబెట్టి మేపమని కూడా ఫైల్లో లేదు. నాలుగో పేజీ చూడండి. ఆవరణలో అప్పగించిన ఏ పనైనా చేయవలెను అని ఉంది."

జడ్జి నాలుగో పేజీ తిప్పాడు. లాయర్లు ముగ్గురూ తిప్పారు. ఒప్పందం మీద సంతకాలు పడ్డాక ఆ పేజీని కంపెనీ తరఫున ఎవరైనా చూడడం అదే మొదలు.

తీర్పు వారంలో వచ్చింది. క్రేనుకి ఆ పోటీ రోజు వేతనం కోత, మిగతా జీతం ఒప్పందం తీరేదాకా ఇవ్వాలి, బదులుగా అతను చెప్పిన పని చెయ్యాలి. సోమవారం నుంచి క్రేను గోడౌనులో పంపులు మోస్తున్నాడు. అంత ఖరీదైన కూలి చరిత్రలో లేడు. మొదటి నెల అతనికి అప్పగించిన పని, నాలుగు వేల పెట్టెల మీద తన మొహం కనపడకుండా తెల్ల స్టిక్కర్లు అంటించడం. చూడడానికి పక్క కార్ఖానాల నుంచి కూడా జనం వచ్చారు. ఇరవై మంది ఎత్తే లారీ సరుకు ఒక్కడే ఎత్తాడని, లారీని కూడా ఎత్తబోతే డ్రైవరు కాళ్ళ మీద పడ్డాడని చెప్పుకుంటారు.

ఆఫీసరు పిన్నిని వదల్లేదు. అజాగ్రత్త కింద ఉద్యోగం తీసేయడానికి ఆమె పాత కాగితాలు తవ్వించాడు. గుమాస్తా ఆర్డరు లేదు కాబట్టి ఆమె గుమాస్తా కాదు, బాగుంది. మరి ఆమె ఎవరు? మొట్టమొదటి నియామకపత్రం బయటికొచ్చింది. జీతం మిగుల్చుకోవడానికి కంపెనీ ఆమెని అప్పట్లో 'పంపుల విభాగం సహాయకురాలు'గా చేర్చుకుంది. కాగితాల్లో ఆమె ఇప్పటికీ కార్ఖానా కార్మికురాలే. అంటే సమ్మెలో గెలిచిన ఆ మూడో పేజీ ఆమెకీ వర్తిస్తుంది. పనిలో అజాగ్రత్తకి, మొదటి తప్పుకి, ఆ రోజు వేతనం కోత; అంతకు మించి ఏ చర్యా ఉండరాదు. పెద్ద లాయరు ఆ వాక్యం చదివి, ఫైలు మూసి, ఆఫీసరుని ఈల ఒకసారి ఇవ్వమని అడిగాడట. ఎందుకో ఎవరికీ తెలియదు.

పింఛను నిలబడింది. అక్క క్యాలెండరుని మళ్ళీ ఇటు తిప్పింది, బొమ్మ మీద ఒక తెల్ల స్టిక్కరు అంటించి. ఆ స్టిక్కరు ఎవరు తెచ్చిచ్చారో పిన్ని అడగలేదు.

కాంటీనులో మాత్రం ఒక మాట ఆగలేదు. లక్షల మోసం చేసినవాడికీ ఒక రోజు కోతే, గడియారం చూసి తొందరపడిన పిన్నికీ ఒక రోజు కోతే, దొంగనీ, దొంగ కాగితం రాయనన్న మనిషినీ కంపెనీ ఒకే కత్తెరతో కత్తిరించింది అని టీ కాచే ఆయన దగ్గర్నుంచి అందరూ అనడం మొదలుపెట్టారు. ఆ కోతలు రెండూ లెక్క వేసింది కూడా పిన్నే. ఈ మాట ఆమె చెవిన పడిన రోజు ఆమె టీ గ్లాసు కింద పెట్టి, రిజిస్టరు తెరిచి చూపించింది.

"ఒకటి కాదు. నాకు ఒక రోజు, వాడికి రెండు రోజులు. ఆ పోటీ జరిగింది ఆదివారం. ఆదివారం పని చేస్తే రెండు రోజుల జీతం ఇస్తారు. అందుకని రెండు రోజులూ కోశాను."